మల్సూరు కారు, మూడూళ్ళ మెకానిక్కులు

ఆ పొద్దున మల్సూరు వేసుకున్న పథకం చిన్నది. చాయ్ తాగాలి. కారు తీయాలి. చెల్లె తిరుపతమ్మకు ఓటెయ్యమని ఊరంతా మైకులో చెప్పాలి. మధ్యాహ్నం తిని పడుకోవాలి.

తిరుపతమ్మ సర్పంచికి నిలబడింది. మోతె మండలంలో ఆ ఊరి సీటు ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది. ఎదుటి అభ్యర్థి వైష్ణవి. గోడల మీద పేరు ఆమెది, ఊళ్ళో పెత్తనం ఆమె మొగుడు రమేష్‌ది. రమేష్‌కు రెండు డీజే బండ్లున్నాయి. తిరుపతమ్మకు ఉన్నది అన్న కారు ఒక్కటే. దాని నెత్తిన రెండు మైకు గొట్టాలు, డిక్కీలో ఒక ఆంప్లిఫయర్. మర్నాడు సాయంత్రం ఐదింటికి ప్రచారం బందు. ఆ లోపల కారు మొత్తుకోకపోతే తిరుపతమ్మ గుర్తు ఉంగరమని సగం ఊరికి తెలియదు.

మల్సూరు భార్య పోయి మూడేళ్ళయింది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమెతో కొట్లాడేవాడు. పోయాక ఆ పని ఊరందరికీ సమంగా పంచాడు. అన్నం మాత్రం అదే ఊళ్ళో ఉన్న చెల్లె ఇంట్లో తింటాడు.

తిరుపతమ్మ కారు ముందు కొబ్బరికాయ కొట్టి, డిక్కీ తెరిచి, లోపల పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చింది. మల్సూరు తాళం తిప్పి కార్డ్‌లెస్ మైకు అందుకున్నాడు.

"ఊరి పెద్దలకు, అక్కచెల్లెండ్లకు..."

గొట్టాలు పలకలేదు. వెళ్ళి చూస్తే ఆంప్లిఫయర్ మీద పచ్చ లైటు ఉండాల్సిన చోట ఎర్ర లైటు. అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. అతనికి తెలిసిన రిపేరు అదే.

"నిన్నటిదాక మంచిగనే మొత్తుకుంది గదనే," అన్నాడు.

"వాండ్ల కండ్లు పడ్డయన్నా."

"కండ్లు కాదు, చేతులు పడ్డయి. సూర్యాపేటకు పోతున్న."

"జర ఆగు," అని తిరుపతమ్మ డిక్కీలో చెయ్యి పెట్టి ఏదో సర్దింది. హారతి పళ్ళెం కొంగు చాటున పెట్టుకుని ఇంట్లోకి పోయింది. మల్సూరు పట్టించుకోలేదు. కోపంలో ఉన్నవాడికి ఎదురుగా ఉన్నది కనిపించదు.

సూర్యాపేటలో మెకానిక్ సాంసన్ ఆంప్లిఫయర్ విప్పి బల్ల మీద పెట్టి వైర్లు తగిలించాడు. పాడింది. మళ్ళీ కారులో బిగించాడు. అక్కడా పాడింది.

"ఏం చేసినవ్?" అన్నాడు మల్సూరు.

"ఏం చెయ్యలే మల్సూరన్నా."

"చెయ్యకపోతే ఎట్ల పాడుతది?"

"దానికి ఏం కాలేదు కాబట్టి."

ఊరికి తిరిగొచ్చాడు. తిరుపతమ్మ ఎదురొచ్చి డిక్కీ తెరిచి హారతిచ్చింది. మైకు తీశాడు. ఎర్ర లైటు. వెంటనే సాంసన్‌కు ఫోన్ కొట్టాడు.

"అసలు సామాను గుంజుకొని నకిలీది పెట్టినవ్ గదరా."

"నా ఎదురుంగ స్టూలు మీద కూసున్నవ్ గదన్నా, ఎట్ల పెడత?"

"నేను చాయ్ తాగనీకి పోయిన. గప్పుడు పెట్టినవ్."

"సరే అన్నా. ఇంకోసారి చాయ్ నా దుకాణంలనే తాగు," అని సాంసన్ ఫోన్ పెట్టేశాడు.

మల్సూరు కారును కోదాడకు తిప్పాడు. బయలుదేరే ముందు తిరుపతమ్మ మళ్ళీ డిక్కీలో సర్దింది. కోదాడ దుకాణంలో మైకు పెడితే కారు బ్రహ్మాండంగా మొత్తుకుంది. దుకాణదారు చెవులు మూసుకున్నాడు.

"బాగానే ఉంది కదండీ."

"మా ఊర్ల పలుకుత లేదు."

"ఇక్కడ పాడి మీ ఊళ్ళో పాడట్లేదంటే నన్నేం చేయమంటారండీ? ఊరిని తీసుకురండి, అదీ చూస్తాను."

ఆ మాటకు ఒళ్ళు మండి మల్సూరు కొత్త ఆంప్లిఫయర్ కొని బిగించుకున్నాడు. ఊళ్ళో హారతి అయ్యాక కొత్తదాని మీద కూడా ఎర్ర లైటే వెలిగింది.

ఇక అనుమానం లేదు. ఇది రమేష్ పని. మల్సూరు నేరుగా వాళ్ళ వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

"నా బండి వైర్లు కోసింది నువ్వే గదరా."

రమేష్ తన బండెక్కాడు. డీజే సౌండు పెంచాడు. మల్సూరు తన తాతల నాటి నుంచి దాచుకున్న తిట్లన్నీ తిట్టాడు. ఒక్కటీ ఎవరికీ వినపడలేదు. జీవితంలో అతనికి అంత అవమానం ఎన్నడూ జరగలేదు. మల్సూరు గొడవకు దిగాడని రమేష్ ఫిర్యాదు చేస్తే, మర్నాడు ఎన్నికల ఆఫీసరు ఒకాయన ఊళ్ళోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆ చివరి రోజు పొద్దున్నే మల్సూరు మిర్యాలగూడకు పోయాడు. అక్కడి మెకానిక్ హన్మా చెయ్యి తగలకముందే కారు పాడింది.

"పాడుతున్నదాన్ని ఏం రిపేర్ చెయ్యాలె కాకా?"

"ఈడ పాడుడు నాకెందుకు? మా ఊర్ల పాడాలె. కారెక్కు."

"దుకాణం ఎవలు సూస్తరు?"

"నేను పోలీసోళ్ళ లెక్క మర్యాదగ అడుగుతున్న. ఎక్కు."

చేతిలో ఉన్న పనులు ముగించుకుని, మధ్యాహ్నం దాటాక హన్మా షట్టర్ దించి ఎక్కాడు. ఆగితే మళ్ళీ పలకదేమోనని మల్సూరు దారి పొడుగునా మైకు ఆపలేదు. ఉంగరం గుర్తుకే ఓటెయ్యమని దారిలో ఊళ్ళన్నీ విన్నాయి. వాటిలో ఒక్కదానికీ తిరుపతమ్మతో సంబంధం లేదు.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. తిరుపతమ్మ హారతిచ్చింది. మైకు పలకలేదు. హన్మా డిక్కీ దగ్గరికి పోయాడు.

"ఆగు బిడ్డా. చెప్పులిప్పు," అంది తిరుపతమ్మ.

"డిక్కీకి చెప్పులేందమ్మా?"

"దాంట్ల దేవుడున్నడు."

మల్సూరు ఆగలేదు. మూగ మైకు ఒక చేతిలో పట్టుకుని ఊరిని తిడుతూనే, చెల్లెను పక్కకు నెట్టి, రెండో చెయ్యి ఆంప్లిఫయర్ వెనక్కి దూర్చాడు. వైర్ల మధ్య చల్లగా ఏదో తగిలింది. లాగాడు. పసుపు కుంకుమలు పూసిన రాగి రేకు. ఎర్ర లైటు ఆరి పచ్చ లైటు వెలిగింది.

"...తిన్న కోడిని గూడ యాది పెట్టుకోని ఊరిది," అని నెత్తి మీది గొట్టాలు ఊరంతటికీ చెప్పాయి.

మల్సూరు ఉలిక్కిపడ్డాడు. ఆపుదామనుకున్నాడు. నిన్న రమేష్ వాకిట్లో మునిగిపోయిన తిట్లు గుర్తొచ్చాయి. నోరు ఆగలేదు.

"పొద్దున నా కార్ల దవాఖానకు పోతరు, పొద్దూకి రమేష్ ఇంట్ల కోడికూర తింటరు. రెండు దిక్కుల తిరిగినోనికి రెండు ఓట్లుంటయా? నా చెల్లె మంచిదని నేను చెప్త లేను. దాని నోరు మంచిది కాదు. మొండిది. ఎండకాలం బోరు మోటరు కాలితే మీరంత పండుకున్నరు. అది మండలాఫీసు మెట్ల మీద కూసున్నది, మోటరు ఇచ్చేదాక లేవలే. నా పెండ్లాం పోయిన నాడు గూడ నన్ను తిట్టుకుంట లేపి అన్నం తినిపిచ్చింది. గెలిస్తే మిమ్మల్ని పండనియ్యది. ఎయ్యకుంటె ఎయ్యకుండ్రి. మీకు రమేషే కరెక్టు."

ఐదయింది. ఆఫీసరు వచ్చి మైకు లాక్కుని, కారు తాళాలు తీసుకున్నాడు. తిరుపతమ్మ రేకు కోసం చెయ్యి చాపి నిలబడింది.

"గెలవాలని గుడిల పూజ చేయించి తెచ్చిన. సామానుకు తాకి ఉండాలన్నరు. పొలిమేర దాటితే మహిమ పోతదన్నరు. అందుకే నువ్వు పోయేటప్పుడల్ల తీసిన, రాంగనే పెట్టిన."

"రాగి రేకు రెండు వైర్లకు తాకితే మిషను నోరు మూసుకోక ఏం చేస్తదమ్మా?" అన్నాడు హన్మా. "నన్నెవలన్న మిర్యాలగూడల దింపుండ్రి."

"ఇగ ఓడిపోయినం. అంత నీవల్లనే," అన్నాడు మల్సూరు చెల్లెతో. పోలింగు రోజు దాకా ఆమె ఇంట్లో అన్నం ముట్టలేదు.

తిరుపతమ్మ గెలిచింది. డీజేలో రమేష్ ఇచ్చిన హామీలు ఎవరికీ గుర్తులేవు. మెట్ల మీద కూర్చున్న మనిషి మాత్రం అందరికీ గుర్తుంది. "మైకుల నిజం చెప్పినోన్ని మొదటిసారి విన్నం," అని ముసలమ్మలు పోలింగు వరసలోనే అనుకున్నారు.

మెడలో దండతో తిరుపతమ్మ అన్న దగ్గరికి వచ్చింది. "సూసినవా? అంత రేకు మహిమనే."

మల్సూరు నోరు తెరిచాడు. ఎదురుగా అన్నం పళ్ళెం ఉంది. నోరు మూసుకున్నాడు.

ఆఫీసరు కారు తిరిగి ఇచ్చాడు. తిరుపతమ్మ డిక్కీ తెరిచి, రేకును దాని చోట పెట్టి హారతిచ్చింది. విజయ ఊరేగింపు ఏ చప్పుడూ లేకుండా జరిగింది.