మొగిలి వాగుగట్టు

ఆ శనివారం పొద్దున మొగిలి పెట్టుకున్న పని ఒక్కటే. మిగిలిన ఆ ఒక్క వరసా వట్టివేళ్ళ గడ్డి నాటేయాలి. బాలానగర్ షెడ్ల వెనక వాగు రెండు వానాకాలాల్లో ఒడ్డును కోసుకుంటూ అతని ఇంటి వెనక గోడ దాకా వచ్చేసింది. అతను ఒడ్డు వెంబడి వెదురు గుంజలు పాతి, వాటి వెనక మట్టి బస్తాలు పేర్చి, పైన గడ్డి పెంచుతున్నాడు. ఇంకో రెండు నెలలు వేళ్ళు దిగితే ఇల్లు దక్కుతుంది. లేదంటే వాగుపాలే.

ఇంతలో హైటెక్ సిటీ నుంచి బస్సొచ్చింది. ఒకే రంగు టీషర్టుల్లో నలభై మంది దిగారు.

"మీ వాగుగట్టు కాపాడటానికి వచ్చామండి. రెండొందల మొక్కలు తెచ్చాం," అంది ఆ జట్టుకు పెద్ద తేజస్విని.

మొగిలి కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చినవాళ్ళకు చాయ్ పోయకపోతే ఏం మర్యాద? "జర కూసోండ్రి మేడమ్, చాయ్ తెస్త," అని డబ్బా పట్టుకుని మూసాపేట వైపు పరుగెత్తాడు. వారమంతా ఆఫీసులో కూర్చునేవాళ్ళు ఆ ఒక్క రోజూ కూర్చోలేదు.

తిరిగొచ్చేసరికి ఒడ్డు బోడిగా ఉంది.

"పిచ్చిగడ్డంతా పీకేశామండి! మొక్కలకు చోటు కావాలిగా," అంది తేజస్విని చెమట తుడుచుకుంటూ.

"గుంజలేవి మేడమ్?"

"బ్యానర్ కట్టాం."

"బస్తాలు?"

"కోసి, మట్టి మొక్కలకు పోశాం. ఏదీ వేస్ట్ చెయ్యలేదండి."

మొగిలి చాయ్ డబ్బా కింద పెట్టాడు. ఈలోగా అందరూ గ్రూప్ ఫొటో కోసం ఒడ్డు అంచున వరస కట్టారు.

"అంచు మీద నిలవడకుండ్రి! ఇటు రాండ్రి!" అని చేతులూపుతూ అరిచాడు. తనను ఫొటోకు పిలవలేదని నొచ్చుకున్నాడేమో అనుకుని ఇద్దరొచ్చి, రెక్క పట్టుకుని తీసుకెళ్ళి మధ్యలో నిలబెట్టారు. ఆ ఒక్కడి బరువే తక్కువైనట్టు ఒడ్డు నిట్టనిలువునా కూలింది. మనుషులంతా మోకాలి లోతు బురదలోంచి లేచొచ్చారు గానీ మొక్కలు, బ్యానరు, మొగిలి ఇంటి వెనక గోడ వాగులో కలిసిపోయాయి. తేజస్విని ఏడ్చింది. పాపం, నిజంగానే ఏడ్చింది. మొగిలే ఆమెకు చాయ్ పోసిచ్చాడు.

సోమవారం ఆఫీసులో మేనేజరు యశ్వంత్ ఫొటోలు చూశాడు. 'ముందు' అన్న ఫొటోలో పచ్చటి గట్టు, 'తర్వాత' అన్న ఫొటోలో బురద. కాసేపు తల పట్టుకుని, దీని పేరు దానికీ దాని పేరు దీనికీ పెట్టేశాడు. కంపెనీ సేవా కార్యక్రమాల్లో మొదటి బహుమతి దానికే వచ్చింది.

మొగిలిని పిలిచి సన్మానం చేశారు. ఇంట్లో పెళ్ళాంబిడ్డలు వానకు తడుస్తుంటే అతనికి చప్పట్లు ఏం వినబడతాయి? "సార్, మళ్ళొక్కసారి గడ్డి నాటిపిస్తే ఇల్లు మిగుల్తది," అని వేదిక మీదే బతిమాలాడు.

"ఆ ప్రాజెక్టు పూర్తయిపోయింది కదండీ," అన్నాడు యశ్వంత్ ఆప్యాయంగా, శాలువా కప్పుతూ.

మొగిలి ఆ శాలువాను ఇంటికి తెచ్చి గోడ లేని వైపు కట్టాడు.