ఒకటి పక్కన పాయింట్ సున్నా

"నేటితో మన ఆసుపత్రుల్లో పాత భాషకు కాలం చెల్లింది!" అని ఆరోగ్య మంత్రిగారు మైకు ముందు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. ఏ భాషకు కాలం చెల్లిందో చాలామందికి తెలియదు. ముందు వరసలోవాళ్ళు కొట్టారు కాబట్టి వెనక వరసలోవాళ్ళూ కొట్టారు.

ఆయన చెప్పింది కంప్యూటర్ భాష గురించి. కంటి ఆపరేషన్‌కు ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి మన ఆసుపత్రులన్నింటిలోనూ నడుస్తోంది. అది పాత వెర్షన్‌లో ఉండేది. కొత్త వెర్షన్‌లోకి మార్చారు. ఎందుకు మార్చారని మాత్రం అడక్కండి. పక్క శాఖ మంత్రిగారు వాళ్ళది మార్చారు.

నేను మంత్రిగారి ప్రెస్ నోట్లు రాసే గుమస్తాను. ఆయన తుమ్మితే "జలుబుపై ప్రజల్లో చైతన్యం రగిలించిన మంత్రి" అని రాసే బాధ్యత నాది. జీతం చిన్నదైనా పని గొప్పది.

మంత్రిగారు బటన్ నొక్కారు. వెనకనున్న పెద్ద తెర మీద ఎర్రటి అక్షరాలు జలజలా దిగాయి. మళ్ళీ చప్పట్లు. మంత్రిగారు జనానికి చెయ్యి ఊపుతూనే పక్కనున్న కంప్యూటర్ ఇంజనీరు వైపు కొంచెం వంగారు.

"ఏమిటయ్యా ఇవన్నీ?"

"ఎర్రర్లు సార్."

"ఎన్నుంటాయి?"

"వేలల్లో ఉంటాయి సార్."

"పక్క శాఖలో ఎన్నొచ్చాయి?"

"వందల్లోనే సార్."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది.

చప్పట్లు కొట్టడానికి నాకు మాత్రం చేతులు కలవలేదు. ఆ వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలో మా మేనత్త ఉంది. స్కూలు యూనిఫారాలు కుట్టి నన్ను పెంచింది ఆవిడే. ఒక కన్ను ఎప్పుడో మూసుకుపోయింది, రెండోదానికీ పొర కమ్ముతోంది. పొద్దున్నే సూదులన్నిటికీ దారం ఎక్కించి, దిండుకు గుచ్చిపెట్టి నేను ఆఫీసుకి వెళ్తాను. మిగతాది ఆవిడ చేతి వాటంతో లాక్కొస్తోంది. ఈమధ్య ఒక పిల్లాడి నిక్కరుకి మూడు కాళ్ళు వచ్చాయి. ఆ కుట్టుమిషను ఎక్కడం మానేస్తే ఆవిడ మనిషి కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు నిజంగానే భయంగా ఉంది. ఆవిడ వంతు ఆ వారమే రావాలి.

సభ కాగానే మంత్రిగారి గదిలో సమావేశం పెట్టారు. మంత్రిగారు, కార్యదర్శిగారు, ఇంజనీరు. నోట్ రాసుకోవడానికి మూలన నేను.

"సార్, పాత వెర్షన్ సర్దుకుపోయే రకం," అని ఇంజనీరు మొదలుపెట్టాడు. "పూర్తి చూపు అంటే ఒకటి అని మనం ప్రోగ్రాంలో పెట్టాం. అది పూర్ణాంకం. రోగి చూపు డాక్టరుగారు కొలిచి సున్నా పాయింట్ మూడు అనో, నాలుగు అనో రాస్తారు. అది దశాంశం. ఒకటి కన్నా తక్కువ ఉన్నవాళ్ళు క్యూలోకి వెళ్ళాలి. పాతది ఈ రెండింటినీ ఎలాగోలా పక్కపక్కన నిలబెట్టి పోల్చేసేది. కొత్తదేమో, ఇవి రెండూ ఒక రకం కాదు, నేను పోల్చను పొమ్మంటోంది."

"కంప్యూటర్‌కి కూడా పట్టింపులా?" అన్నారు మంత్రిగారు బాధగా.

"ఎవరైనా నోరు విప్పి మార్చమని చెబితే పోలుస్తుంది సార్. మన ఒకటి పక్కన పాయింట్ సున్నా పెడితే చాలు. అప్పుడు అదీ దశాంశమే అవుతుంది. ఐదు నిమిషాల పని."

కార్యదర్శిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఒకటి పక్కన సున్నానా? పది అవుతుంది కదయ్యా! ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?"

"మధ్యలో పాయింట్ ఉంటుంది సార్."

"పాయింట్ ఎవరికి కనిపిస్తుందయ్యా? పేపరువాళ్ళకి సున్నాయే కనిపిస్తుంది."

"అయినా ఇన్నాళ్ళూ మార్చమని ఎవరు చెప్పారు?" అని మంత్రిగారు అడిగారు.

"ఎవరూ చెప్పలేదు సార్. దానంతటదే అయిపోయేది."

"అదీ పరిపాలనంటే!"

ఇంజనీరు కలం తీశాడు. "ఇప్పుడు మారుస్తాను సార్. కాకపోతే ఎవరు మార్చమన్నారో ఫైల్లో రాయాలి. ఎవరి పేరు రాయమంటారు?"

కార్యదర్శిగారికి ఫోన్ వచ్చింది. అది మోగకుండానే వచ్చింది. మంత్రిగారు కిటికీలోంచి ప్రజల వైపు చూశారు. అటు వైపున్నది కార్ల షెడ్డు.

కాసేపటికి మంత్రిగారు తిరిగారు. గొప్ప నిర్ణయాలు ఆయనకు కిటికీ దగ్గరే తడతాయి.

"ఆ ఒకటి జోలికి మాత్రం పోవద్దు. అది ప్రభుత్వం నిర్ణయించిన అంకె. ప్రభుత్వం దిగిరాదు. దశాంశాలు ఎవరివి?"

"రోగులవి సార్."

"వాటిని మార్చండి."

"పాయింట్ తర్వాత ఉన్నవి కోసేస్తే పూర్ణాంకాలవుతాయి సార్."

"కోసెయ్. ఆపరేషన్లు చేసే శాఖేగా మనది."

రోగుల అంకెలు మార్చడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదట. ఆ సాయంత్రానికే కోత పూర్తయింది.

మర్నాడు పొద్దున్న మంత్రిగారి ఇంటి గేటు దగ్గర ఒక బంట్రోతు నిలబడి ఉన్నాడు. చేతిలో తెల్ల కర్ర, నల్ల కళ్ళజోడు. సున్నా పాయింట్ ఎంతున్నా ఇప్పుడు సున్నాయే కదా. సున్నా వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ రెండూ ఇంటికి పంపించే పథకం పోయినేడు మంత్రిగారే ప్రారంభించారు. ప్రారంభించిన రోజు ఫోటో కోసం తోటి మంత్రులతో కలిసి కళ్ళు కూడా పరీక్ష చేయించుకున్నారు. ఆయనకు సున్నా పాయింట్ తొమ్మిది వచ్చింది.

"నేను మంత్రినయ్యా!"

"చిత్తం సార్. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

"సంతకం పెడతాను, ఇటివ్వు."

"చూపులేనివాళ్ళు సంతకం పెట్టకూడదండి. రూలు."

మధ్యాహ్నానికి మంత్రివర్గంలో సగం మందికి కర్రలు చేరాయి. మర్నాడు ప్రతిపక్షం పత్రిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేసింది. ఆ శీర్షిక నేనే రాసుంటే బాగుండేదనిపించింది, కానీ ఉద్యోగం ఉంది.

మంత్రిగారు ఇంజనీరును పిలిపించి అరవలేదు. చాలా శాంతంగా అన్నారు. "కిందికి ఎందుకు మార్చావయ్యా? మన ప్రభుత్వం మనుషుల్ని కిందికి దించేదా? పైకి మార్చు."

"పైకంటే, సున్నా పాయింట్ ఒకటి ఉన్నా ఒకటి చెయ్యమంటారా సార్?"

"సున్నా పాయింట్ ఒకటిలో కూడా ఒకటి ఉంది కదయ్యా!"

కార్యదర్శిగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇలాంటి చూపున్న నాయకుడి కింద పనిచెయ్యడం అదృష్టమన్నారు.

ఆ పొద్దున్న పదకొండు కొట్టేసరికి దేశంలో కంటి రోగులందరికీ ఒకటి వచ్చేసింది. ఒకటి కన్నా తక్కువ ఉన్నవాళ్ళే క్యూలోకి రావాలి కాబట్టి క్యూ ఖాళీ. తెర మీద ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. కత్తి పట్టకుండా, కట్టు కట్టకుండా, చుక్క మందు వెయ్యకుండా దేశంలో కంటిజబ్బు మాయమైంది. ఆ మాటలే ప్రెస్ నోట్‌లో రాశాను. మంత్రిగారు "చుక్క మందు" దగ్గర గీత గీసి, "ఖజానాకు భారం లేకుండా" అని కలిపారు.

వరండాలో ఇంజనీరును పట్టుకున్నాను.

"మా అత్తయ్యది సున్నా పాయింట్ ఒకటి కదండీ?"

"ఇప్పుడు ఒకటండీ. అభినందనలు."

"ఆవిడకి నా మొహం కూడా కనపడదయ్యా బాబూ!"

"ఎర్రర్ ఏమీ రావట్లేదే," అన్నాడు అతను. చెడ్డవాడు కాదు. నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఎవరో ఒకరు ఆవిడకి కనపడదని చెబితే నేను మార్చగలను. నేను చెప్పకూడదు. మీరు చెబితే చెల్లదు. పెద్దవాళ్ళెవరైనా నోరు విప్పాలి."

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య మిషను దగ్గరే ఉంది. తలెత్తి తలుపు వైపు కాకుండా గోడ వైపు చూసింది.

"ఒరేయ్, నా వంతు ఎప్పుడన్నారు?"

"నీకు చూపొచ్చేసింది అత్తయ్యా."

"ఎప్పుడు?"

"పొద్దున్న పదకొండింటికి."

"అలాగా?" అని కాసేపు ఆలోచించింది. "నాకెవరూ చెప్పలేదేం?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పాయింట్, సున్నా, కోత, కర్రలు, వరండాలో ఇంజనీరు అన్న మాట, అన్నీ. అత్తయ్య చొక్కా చెయ్యి కుడుతూనే వింది.

"అయితే పెద్దవాళ్ళెవరైనా నోరు విప్పాలన్నమాట," అంది.

"విప్పరు అత్తయ్యా. నాకు తెలుసుగా వాళ్ళ సంగతి."

"నువ్వు నోట్లు రాసుకో," అంది ఆవిడ.

వారం తిరక్కుండానే విజయోత్సవ సభ పెట్టారు. అందరికన్నా తక్కువ నుంచి ఒకటికి ఎదిగిన రోగిని వేదిక మీద సన్మానించాలని నిర్ణయించారు. అలాంటివాళ్ళు వేలమంది ఉన్నారు. కానీ గుమస్తా మేనత్త అయితే కారు పంపక్కర్లేదని కార్యదర్శిగారు లెక్కేశారు. మెట్ల దగ్గర నేనే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఎక్కించాను. వినయం వల్ల తల వంచుకుని నడుస్తోందని కార్యదర్శిగారు మైకులో చెప్పారు.

మంత్రిగారి మెడలో పూలదండ బలంగా వేశారు, తీశారు. ఆ లాగుడుకి చొక్కా పై గుండీ దారానికి వేలాడింది. ఎవరూ చూడలేదు. మంత్రిగారు కెమెరాల కోసం అత్తయ్యను దగ్గరికి తీసుకున్నారు. ఆవిడ వేళ్ళు ఆయన కాలరుకు తగిలి అక్కడే ఆగిపోయాయి.

"అయ్యో నాయనా, గుండీ ఊడిపోతోంది."

"ఫరవాలేదమ్మా."

"ఫరవాలేదంటే ఎలా? ఇంతమందిలో! ఉండు, ఒక్క కుట్టు వేసేస్తాను." భుజం దగ్గర గుచ్చుకున్న సూది తీసింది. పొద్దున్న నేను దారం ఎక్కించిందే.

మంత్రిగారికి ఉత్సాహం వచ్చింది. మైకును దగ్గరికి లాక్కున్నారు. "చూడండి! నిన్నటిదాకా చూపులేని ఈ తల్లి, ఈరోజు నా చొక్కాకి గుండీ కుడుతోంది! ఇదీ మా ప్రభుత్వం!"

చప్పట్లు కొట్టారు. కెమెరాలు ముందుకు జరిగాయి. అత్తయ్య ఎడమచేత్తో గుండీ వెతికి దేన్నో పట్టుకుంది.

"అది నా చెవి అమ్మా."

"ఆ, ఇప్పుడు దొరికింది. కదలకు నాయనా."

"అది గడ్డం..."

"మాట్లాడితే కుట్టు వంకర పోతుంది."

మొదటి పోటు గాలిలోకి పోయింది. రెండోది కాలరు దాటి వెనక్కి వచ్చింది. మూడోసారి సూది మంత్రిగారి కంఠం ముందు నిలబడి, ఎటు పోవాలా అన్నట్టు అటూ ఇటూ ఊగింది. ఆపాల్సింది నేనే. ఆపాలనిపించలేదు. కార్యదర్శిగారికి మళ్ళీ ఫోన్ వచ్చింది.

"బాబోయ్! పట్టుకోండి! ఈవిడకి కళ్ళు కనపడవు!"

ఆ కేక మైకులోంచి, బయట స్తంభాలకు కట్టిన స్పీకర్లలోంచి, రోడ్డు చివరిదాకా వెళ్ళింది. అత్తయ్య సూదిని నెమ్మదిగా భుజానికి గుచ్చుకుంది.

"ఇంజనీరు బాబు ఎక్కడున్నాడు?" అంది. "పెద్దవాళ్ళు నోరు విప్పారు నాయనా. రాసుకో."

అతను రాసుకున్నాడు. ఎవరు చెప్పారు అన్న చోట "గౌరవనీయ మంత్రిగారు, బహిరంగంగా" అని రాశాడు. అత్తయ్య అంకె సున్నా అయింది. దేశం మొత్తానికి క్యూలో ఆవిడ ఒక్కతే కాబట్టి సోమవారమే ఆపరేషన్ చేశారు. కట్టు విప్పినప్పుడు నన్ను తేరిపార చూసి, "ఒరేయ్, ఇంత తల ఎప్పుడు నెరిసిందిరా నీకు?" అని నా నెత్తి నిమిరింది. మంత్రిగారు రోగిని స్వయంగా దగ్గరుండి పరీక్షించి, ఆపరేషన్ అవసరమని అక్కడికక్కడే నిర్ధారించారని నేను ప్రెస్ నోట్ ఇచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. నా సర్వీసులో అదే మొదటిసారి.

ఆ నోట్ పేపర్లలో వచ్చిన మర్నాడు మంత్రిగారి ఇంటి ముందు జనం చేరారు. అందరి చేతుల్లోనూ ఒకటి వచ్చినట్టు సర్టిఫికెట్లు ఉన్నాయి. అందరికన్నా ముందు ఒక క్షురకుడు, కత్తి నూరుకుంటూ నిలబడ్డాడు. మంత్రిగారికి ఉచితంగా గడ్డం గీస్తాడట. అతని వెనక ఒక బస్సు డ్రైవరు, మంత్రిగారిని ఘాట్ రోడ్డు మీద తిప్పి తీసుకొస్తానంటున్నాడు. ఆ వెనక చెట్లు కొట్టేవాడు గొడ్డలితో వచ్చాడు. ఏం చేస్తాడో ఇంకా చెప్పలేదు.

మంత్రిగారు పెరటి గుమ్మంలోంచి ఆఫీసుకి వచ్చారు. ఆ రోజు నుంచి గడ్డం పెంచుతున్నారు, నడిచే తిరుగుతున్నారు. నిరాడంబరతకు నిలువెత్తు నిదర్శనమని రాశాను. పాయింట్ సున్నా ఫైలు మాత్రం ఇప్పటికీ బల్లలు మారుతోంది. కోసేసిన దశాంశాలు వెతికి తెమ్మని ఇంజనీరుకి చెప్పారు. వెతుకుతున్నానని అతను చెబుతున్నాడు.

మొన్న మంత్రిగారికి పన్ను నొప్పి వచ్చింది. బుగ్గ పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని పెద్దాసుపత్రికి ఫోన్ కలపమన్నారు. పళ్ళ డాక్టరుగారే మాట్లాడారు. వెంటనే వచ్చెయ్యండి సార్, క్షణంలో పీకేస్తాను అన్నారు.

"డాక్టరుగారూ, మీ చూపెంత?" అని అడిగారు మంత్రిగారు.

"ఒకటి సార్!"

మంత్రిగారు ఫోన్ పెట్టేసి, నొప్పి తగ్గిపోయిందని నాతో చెప్పారు.