మత్తు విభాగం ఎలా పెరిగిందంటే

గోదావరి ఒడ్డున ఉన్న ఆ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎవరు ఎక్కడ నిద్రపోయినా వాళ్ళు మత్తు విభాగం రోగుల కిందే లెక్క కాబట్టి, వరహాలరావుగారిని అకౌంట్సు సెక్షన్ నుంచి కుర్చీతో సహా మోసుకెళ్ళి పొడుగు హాల్లో మంచమ్మీద పడుకోబెట్టారు. మధ్యాహ్నం పప్పుచారన్నం తిని చిన్న కునుకు తీయడం తప్ప ఆయన చేసిందేమీ లేదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవలసిన వాళ్ళలో చాలామంది అప్పటికే పక్క మంచాల మీద ఉన్నారు.

చిక్కల్లా ఆయన భార్య డాక్టర్ పేరిందేవి ఆ విభాగంలోనే పనిచేస్తుండడం వల్ల వచ్చింది. నిద్రపుచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, ఆవిడది లేపే పని. ఆపరేషన్ అయ్యాక రోగి చెంప మీద తట్టి, కళ్ళు తెరవండి, నాలుక బయట పెట్టండి అంటుంది. నాలుక బయటికొస్తే మనిషి తిరిగొచ్చినట్టు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో సగం మంది నాలుకలు చూసిన మనిషికి, సొంత మొగుణ్ణి లేపుకునే అధికారం మాత్రం లేకపోయింది.

ఆ విభాగం ఒకప్పుడు ఇలా లేదు. మెట్ల కింద చీపుళ్ళు పెట్టుకునే గదిలో పుట్టింది. అందులో ఒక డొక్కు మిషను, ఒక ఈథర్ సీసా, డాక్టర్ పుండరీకాక్షయ్య ఉండేవారు. కోసి కుట్టిన సర్జనుగారికి పూతరేకులొచ్చేవి. కోసినంతసేపూ రోగి ఊపిరిని గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్న పుండరీకాక్షయ్యగారికి ఆ డబ్బా మూత కూడా వచ్చేది కాదు. రోగులననడానికీ లేదు. ఆయన మొహం చూసిన మరుక్షణం వాళ్ళు నిద్రపోయేవారు. లేచేసరికి ఎదురుగా సర్జనుగారు నవ్వుతూ ఉండేవారు.

పోస్టులు కావాలని ఆయన పైకి రాయగా రాయగా, ఎట్టకేలకు ఒక ఉత్తర్వు వచ్చింది. నిద్రలో ఉన్నవారి సంఖ్యను బట్టి మంచాలు, పోస్టులు, పీజీ సీట్లు ఇస్తారట. ఆ నిద్ర ఎవరు తెప్పించాలో అందులో రాయలేదు. పుండరీకాక్షయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని తిన్నగా ఫిజియాలజీ వారి మధ్యాహ్నం క్లాసుకి వెళ్ళారు. సాయంత్రానికి ఆ క్లాసురూము మత్తు విభాగానిదైంది. పాఠం చెబుతున్న ఆయన కూడా తన పాఠానికే నిద్రపోవడంతో ఫిజియాలజీ తరఫున అభ్యంతరం చెప్పే దిక్కు లేకపోయింది. తరవాత లైబ్రరీ పోయింది. ఒక పాలకమండలి సమావేశం ఉపన్యాసం మధ్యలో మూకుమ్మడిగా వచ్చి చేరింది. ప్రిన్సిపాలుగారు కుర్చీలోనే దొరికారు. పుండరీకాక్షయ్యగారు రిటైరవ్వాల్సిన రోజు కూడా వచ్చింది గానీ, ఆ కాగితం టైపు చెయ్యాల్సిన గుమాస్తా ఆయన వార్డులోనే గుర్రుపెడుతున్నాడు.

ఇప్పుడు వరహాలరావుగారు లేని ఇంట్లో గ్యాసు అయిపోయింది. కనెక్షను ఆయన పేరున ఉంది. ఆయన ఫోనుకొచ్చిన నంబరు చెబితే తప్ప బండ దింపనన్నాడు డెలివరీ మనిషి. కరెంటు పొయ్యి మీద ఒక్కర్తీ కాఫీ పెట్టుకుని, పేపరు చదివి తగువేసుకోవడానికి ఎవరూ లేక, పేరిందేవి పుండరీకాక్షయ్యగారి గదికి వెళ్ళింది. మావారిని ఇంటికి తీసుకెళ్తానంది.

"తనిఖీవాళ్ళు వస్తున్నారు కదమ్మా," అన్నారాయన. "ఒక్క మంచం ఖాళీ అయినా సీట్లు తగ్గిస్తారు. సీట్లు తగ్గితే మీకు రావలసిన ప్రొఫెసర్ పోస్టు ఎగిరిపోతుంది. అయినా ఆయనకేం లోటు? మీ ఇంట్లో ఇంత నిద్ర పోనిచ్చేవారా?"

పేరిందేవి విసురుగా బయటికొచ్చేసింది. పోస్టు పోతే పోనీ, తనిఖీవాళ్ళ ఎదుటే ఆయన్ని లేపేస్తాననుకుంది. అందరి ముందూ లేచిన మనిషిని మళ్ళీ ఎవరు పడుకోబెడతారు?

తనిఖీకి ఇద్దరొచ్చారు. పనసపొట్టు కూర, పులస పులుసు, గడ్డ పెరుగు అయ్యాక వాళ్ళలో ఒకాయన రోగుల జాబితాలో చేరిపోయాడు. మిగిలినాయన అతని సంతకం కూడా తనే పెట్టి, నిద్రపుచ్చడం బాగానే ఉంది, మరి లేపడం వచ్చా అని అడిగాడు. పేరిందేవి గబగబా భర్త మంచం దగ్గరికి నడిచి, చెవి దగ్గర వంగింది.

"ఏమండీ, గ్యాసు బండ వచ్చింది. మీ ఫోను లేకుండా ఇవ్వట్లేదు. లేవండి."

"తలగడ కిందుంది, తీస్కో," అన్నారు వరహాలరావుగారు, పెదవులు కదపకుండా.

ఆవిడ ఇంకాస్త వంగింది. "మెలకువగానే ఉన్నారా?"

"ఇక్కడందరం మెలకువగానే ఉన్నామే. కళ్ళు తెరిస్తే పని చెప్తారు."

"మరి ఇంటికి రారా?"

ఆయన గోడ వైపుకి కొంచెం జరిగారు. పక్కన ఒక మనిషి పట్టే చోటు ఏర్పడింది.

తనిఖీ ఆయన దగ్గాడు. పేరిందేవి నిటారుగా నిలబడి, అలవాటైన గొంతుతో, కళ్ళు తెరవండి, నాలుక బయట పెట్టండి అంది. వరహాలరావుగారు కళ్ళు మూసుకునే నాలుక బయట పెట్టారు. పక్కమంచం మీది ఫిజియాలజీ ఆయనా పెట్టారు. ఆ పక్కన విద్యార్థులు, గుమాస్తా, పాలకమండలి, ప్రిన్సిపాలుగారు, చివరికి పులస పులుసు తిన్న తనిఖీ ఆయనా పెట్టారు. హాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నాలుకలు. ఒక్క రెప్ప కదల్లేదు.

'రోగులు ఆదేశాలు చక్కగా పాటిస్తున్నారు. కళ్ళు తెరవడం తప్పనిసరి కాదు' అని రాసుకుని తనిఖీ ఆయన వెళ్ళిపోయాడు. సీట్లు రెట్టింపయ్యాయి. పేరిందేవి ప్రొఫెసరైంది. మున్సిపల్ ఆఫీసునీ బస్టాండునీ విభాగంలో కలపమని ప్రతిపాదన వెళ్ళింది. అక్కడ మంచాలు కూడా అక్కర్లేదట.

ఆ సాయంత్రం ఆవిడ ఫోను కోసమే మంచమ్మీద కూర్చుంది. తలగడ కింద చెయ్యి పెట్టింది. నడుం కాస్త వాల్చితే బాగుండుననిపించింది. బండ రేపొస్తుందిలే అనుకుంది. థియేటరులో ఎవరికో ఆపరేషన్ ముగిసినట్టు గంట మోగింది. వేరే ఎవరైనా లేపుతారులే అనుకుంది.

రౌండ్సుకొచ్చిన పుండరీకాక్షయ్యగారు మంచం దగ్గర ఆగి, ఆవిడ చెంప మీద మెత్తగా తట్టారు.

"పేరిందేవిగారూ, ఏదీ, నాలుక చూపించండమ్మా."

చూపించింది. కష్టమేమీ అనిపించలేదు. కళ్ళు తెరవమని ఆయన అడగనూ లేదు.