ఫిలూబాయిని అడగకుండా ఫిలూబాయి మతం

పరాయి మతం గురించి క్షుణ్ణంగా తెలుసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క అడ్డంకి ఆ మతస్థులే! మనం కష్టపడి ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటామా, వాళ్ళొచ్చి "అలా కాదండీ" అని మొత్తం పాడుచేస్తారు. అందుకని అడగకూడదు. అడగకుండా తెలుసుకోవడంలో ఉన్న సుఖం అడిగి తెలుసుకోవడంలో ఎక్కడిది?

నమ్మకం లేకపోతే ముంబయిలోని కామాఠిపురాకు రండి. ఫోరస్ రోడ్డు వైపు ఓ పాత చాల్, అంటే వరసగా ఒంటిగది ఖోలీలున్న మేడ, రెండో అంతస్తు. అక్కడ రాజలింగం అనే మహాపండితుడు ఉంటాడు. పొట్టకూటికి లిఫ్టులు బాగుచేస్తాడు గానీ, అసలు ప్రావీణ్యం కేథలిక్ మతంలో. పక్క ఖోలీలో ముప్ఫయ్యేళ్ళుగా ఉంటున్న ఫిలోమినా గోవా కేథలిక్. చాలంతా ఫిలూబాయి అంటుంది. వరండాలో మన తెలుగువాళ్ళతో ముచ్చట్లాడీ ఆడీ తెలుగు నేర్చుకుంది. ఇంత దగ్గర్లో మనిషిని పెట్టుకుని కూడా ఒక్క ప్రశ్న అడగని నిగ్రహం ఎందరికుంటుంది, చెప్పండి!

ఫలితం చూడండి. ఈస్టర్‌కు ముందు నలభై రోజులూ ఫిలూబాయి శుక్రవారం మటన్ ముట్టదు. సామాన్యుడైతే ఎందుకని అడిగేవాడు. రాజలింగం అడగలేదు. శుక్రవారం అమ్మవారి వారం, కనక మేరీమాత లక్ష్మీదేవికి చెల్లెలు. అయిపోయింది! కన్ఫెషన్ సంగతి ఇంకా సులువు. శనివారం ఫాదర్ చెవిలో పాపాలు చెప్పేస్తే ఆదివారం నుంచి కొత్త పాపాలకు పర్మిషన్. ఫోను రీఛార్జి లాంటిదన్నమాట. మరి ఫాదర్లు పెళ్ళెందుకు చేసుకోరు? ముంబయిలో ఖోలీ దొరక్క!

ఓసారి వెల్లుల్లి ఒలుస్తూ ఇదంతా విన్న ఫిలూబాయి ఊరుకోలేకపోయింది.

"అట్ల కాదు లింగంభావూ. మల్ల ఆ తప్పు చెయ్యనని మనసుల గట్టిగ అనుకోకుంటే మాఫీ లేదు. మేరీమాతను మేం దేవుడంటలేం. మా కోసం దేవుణ్ణి అడుగు తల్లీ అంటం, అంతే."

"నీకు తెల్వదు తియ్యి ఫిలూబాయీ," అన్నాడు రాజలింగం, దయగా.

ఈ పాండిత్యానికి పోయిన నెల పరీక్ష వచ్చింది. కూతురు దర్శనకు ఓ పెద్ద ఆఫీసులో ఇంటర్వ్యూ. బీకాం పాసై రెండేళ్ళు, ఇది తొమ్మిదో ఇంటర్వ్యూ. ఇంట్లో దేవుళ్ళందరికీ మొక్కడం అయ్యాక, రాజలింగం బుధవారం ప్రార్థనకు చర్చికి వెళ్ళాడు. బయట మొక్కుబడి కోసం మైనపు కాళ్ళు, చేతులు, ఇళ్ళు అమ్ముతున్నారు. మైనపు ఆఫీసు మాత్రం లేదన్నారు. ఇల్లే కొని, గోటితో మరో పది కిటికీలు గీసి ఆఫీసు చేసుకున్నాడు.

లోపల జనం వరసగా వెళ్ళి ఫాదర్ దగ్గర తెల్లటి పల్చటి బిళ్ళ తీసుకుంటున్నారు. ప్రసాదానికి ప్రత్యేకంగా పిలవాలా? తనూ నిలబడ్డాడు, చెయ్యి చాపాడు, అందినదాన్ని భక్తిగా రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఒక్కడే తింటే ఎలా, అమ్మాయికి పెట్టొద్దూ!

వాలంటీరు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. జనం మూగారు. వెనకనుంచి ఎవరో దొంగ అన్నారు కూడా. అంతలో, ఆ ప్రార్థనకే వచ్చిన ఫిలూబాయి ముందుకొచ్చి, మా పక్కింటి మనిషే, తెలియక చేశాడని వాలంటీరుకు నచ్చజెప్పింది. రుమాలును రెండు చేతులా అందుకుని ఫాదర్‌కు అప్పగించింది.

"అది ప్రసాదం గాదు భావూ. మాకది సాక్షాత్తు యేసే. ముప్పయ్యేండ్ల సంది గోడకు గోడ ఉన్నం. ఒక్కసారన్న అడిగినవా?"

రాజలింగానికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా ఒక పండితుణ్ణి నలుగురిలో అలా అడగొచ్చా!

మర్నాడు దర్శన ఇంటర్వ్యూ నుంచి వచ్చి వరండాలోనే కూలబడింది.

"ఆఫీసు సారు మార్కులు చూసి ఖుష్ అయిండు పప్పా. అడ్రసు చూసిండు. కామాఠిపురానా, అచ్ఛా, సమజైంది అని పక్కాయన దిక్కు చూసి నవ్విండు. ఏం సమజైంది సార్, అడుగుండ్రి, చెప్త అన్న. అడగలే. ఫైలు మూసిండు."

రాజలింగానికి ఒళ్ళు మండిపోయింది. ఆ పేరు వినగానే లోకానికి వేశ్యావాటికల ఎర్రదీపాలే కనిపిస్తాయి. తన తాత రాళ్ళు మోసి ఈ నగరంలో ఎన్ని గోడలు లేపాడో, ఈ చాల్లో ఎందరు నర్సులు, ఎందరు టీచర్లు ఉన్నారో ఆ పెద్దమనిషికేం తెలుసు?

"అడగకుంటనే వానికెట్ల తెలుస్తదే!" అని అరిచాడు.

పక్క గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న ఫిలూబాయి తలెత్తి చూసింది.

రాజలింగం స్టూలు లాక్కెళ్ళి ఆమె గుమ్మం ముందు కూర్చున్నాడు.

"ఫిలూబాయీ, శుక్రవారం మటన్ ఎందుకు తినవు?"

మహాశయులారా, ఒక మహాపండితుడు అలా మన చెయ్యి జారిపోయాడు! అయినా అధైర్యపడకండి. ఆ ఆఫీసులో ఫైలు మూసిన పండితుడు ఇంకా ఉన్నాడు. మీ అడ్రసు ఒక్కటి రాసివ్వండి చాలు, ఆయన ఇంకేమీ అడగడు.