ఆల్చిప్పగారి సంతకం

ఈ భూమ్మీద ఏ వస్తువూ అనుమతి లేకుండా మరో వస్తువుకు అతుక్కోరాదని ఉపరితల మార్పుల కార్యాలయం ఎప్పుడో తీర్మానించింది. (అంతకు ముందు అతుక్కున్నవాటికి మినహాయింపు ఉంది, అధికారులందరూ ఆ కోవలోకే వస్తారు.)

ఆ సంగతి తెలియని ఒక రసాయన శాస్త్రవేత్త, సముద్రంలో తడిబండల్ని ఆల్చిప్పలు ఎలా పట్టుకుంటాయో ఆరేళ్లు పరిశీలించింది. వాటి జిగురును పోలిన ద్రావణం తయారుచేసింది. అందులో గుడ్డ ముంచినా గాజు ముంచినా పలచటి గోధుమరంగు పొర కడుతుంది. ఆ పొర మీద అతికించింది నీళ్లలోనూ ఊడదు. తడిగాయాలకు అంటుకునే పట్టీ చెయ్యాలని ఆవిడ ఆశ. తీరా దానికి అనుమతి కావాలని తెలిసి కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుంది. నెలాఖరులోగా అది రాకపోతే మాత్రం ఆవిడ ఉద్యోగం ఊడుతుంది.

గుమాస్తా దరఖాస్తు చదివి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఈ ఉపాయం ఎవరిదమ్మా?"

"ఆల్చిప్పదండీ. నేను చూసి నేర్చుకున్నాను."

"మరి వాళ్ల దగ్గర్నుంచి అభ్యంతరం లేదన్న పత్రం ఏదీ?"

"అది ఆల్చిప్పండీ!"

"ఎవరైనా మాకొకటే. మేం మొహం చూసి పని చెయ్యం."

మర్నాడు ఆవిడ పళ్లు కొరుక్కుంటూ ఉప్పునీళ్ల బకెట్లో ఒక ఆల్చిప్పను తీసుకొచ్చింది. గుమాస్తా పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఉప్పునీళ్లు పోసిన పళ్లెంలో పరిచి, దానిమీద ఆల్చిప్పను కూర్చోబెట్టి భోజనానికి వెళ్లాడు. (భోజన విరామం మూడు గంటలు.) తిరిగొచ్చేసరికి అది నాలుగు జిగురు దారాలు వదిలి పత్రాన్నీ పళ్లేన్నీ కలిపి కరుచుకుని ఉంది.

"సంతకం పడింది. కాస్త గజిబిజిగా ఉందనుకోండి, మా సూపరింటెండెంటుగారిది ఇంతకంటే అధ్వానం."

సూపరింటెండెంటు వచ్చి ఆల్చిప్పను పట్టుకుని లాగి చూశాడు. పత్రంతోపాటు పళ్లెమూ లేచింది. ఆయన ఆల్చిప్పకు చేతులు జోడించాడు.

"ముప్పయ్యేళ్ల సర్వీసులో ఇంత ఓపిగ్గా కూర్చున్న దరఖాస్తుదారుణ్ణి చూళ్లేదయ్యా. విసుక్కోలేదు, పైవాళ్లకు ఫిర్యాదు చేస్తాననలేదు!"

సంతకం చేసినవారికే అనుమతి అన్నది నియమం. అనుమతి ఆల్చిప్ప పేరిట జారీ అయింది. దాంతోపాటు శాశ్వత సలహాదారు పదవీ ఇచ్చారు.

"మరి నా పట్టీ సంగతేంటి సార్?" అంది ఆవిడ.

"ఈవిడెవరు?"

గుమాస్తా ఫైలు తిరగేశాడు. "తోడు వచ్చినావిడండీ."

నెలాఖరుకు ఆవిడ ఉద్యోగం పోయింది. కార్యాలయం జాలిపడి, సలహాదారుగారికి నీళ్లు మార్చే తాత్కాలిక పనికి ఆవిణ్ణి ఇంటర్వ్యూకి పిలిచింది. సముద్రంలో నివసించిన అనుభవం లేనందున ఎంపిక చెయ్యలేదు.