మంత్రిగారి గోల్ఫు, గిడ్డమ్మ బిందె

కర్నూలును ప్రపంచ గోల్ఫ్ పటంలో నిలబెట్టి తీరతానని మంత్రి ఓబుళేశుగారు ప్రకటించగానే మా కాలనీవాళ్లమంతా చప్పట్లు కొట్టాం. చేతులు ఖాళీగానే ఉన్నాయి. ట్యాంకరు వచ్చి వారమైంది మరి. నీళ్లన్నీ నందికొట్కూరు రోడ్డులో గోల్ఫ్ పచ్చికకు పోతున్నాయి. జిల్లా ప్రతిష్ఠ ముందు మా అన్నం గిన్నెలెంత?

టోర్నమెంటు పద్ధతి గొప్పది. ఒక్కో ప్రముఖుడికి ఒక్కో ప్రొఫెషనల్ జోడీ. మంత్రిగారి వాటాకు బెంగళూరు సుధీర్ వచ్చాడు.

మైదానం కంచె పక్కనే మా బిందెల వరస. మనిషి ఇంటిపనిలో ఉన్నా బిందె నిలబడితే చాలు, వంతు పోదు. ఆ రోజు ట్యాంకరు వస్తుందన్నారు. ముందున్నది మా పొరుగింటి గిడ్డమ్మ స్టీలు బిందె. ఆమె ఇంట్లో బాలింత కూతురుంది.

మంత్రిగారు తొలి దెబ్బ కొట్టారు. బంతి కంపచెట్లలోకి పోయింది.

"సార్, గుంత అటువైపు," అన్నాడు సుధీర్.

"గుంతదేముందప్పా? బంతి యాడ పడితే ఆడ తవ్వుతాం," అన్నాడు మంత్రిగారి కుడిభుజం గురప్ప.

గడ్డపార వచ్చింది. టెంకాయ కొట్టారు. గుంత తవ్వారు. బంతి వినయంగా అందులోకి జారింది.

తర్వాతి దెబ్బకు బంతి కంచె దాటి గిడ్డమ్మ బిందెలో ఠంగుమని పడింది.

"హోల్ ఇన్ వన్! మళ్లా ఒకే దెబ్బ!" గురప్ప ఎగిరాడు.

"అది బిందె సార్."

"నువ్వు ఆడేకి వచ్చినావా, వాదించేకి వచ్చినావా?"

సుధీర్ స్కోరు కార్డులో ఒకటి వేశాడు. మంచి క్రీడాకారుడు.

"ఇది నా గెలుపు కాదు, ప్రజల గెలుపు," అన్నారు మంత్రిగారు. కార్యకర్తలు బిందెను భుజాలకెత్తుకున్నారు. గిడ్డమ్మ అడ్డం పడింది.

"యో గురప్పా, బిందె తీస్తే నా వంతు పోతాది! పసిబిడ్డకు నీళ్లు పోయల్ల!"

"నీ బిందె చరిత్రకెక్కతాంటే వంతంటావేందమ్మా?"

మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. వరసలో బిందె లేనివాళ్లకు నీళ్లిచ్చే ఆనవాయితీ మా కాలనీలో లేదు. చివరనున్న నా బిందె దాకా నీళ్లు రానే లేదు.

మర్నాడు బిందె అడిగి తెచ్చుకుందామని నేనూ గిడ్డమ్మా మంత్రిగారు దిగిన అతిథిగృహానికి వెళ్లాం. ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద ఉంది. పక్కన తుపాకీతో పోలీసు. బిందెలో అంచుదాకా తేటనీళ్లు, పైన గులాబీరేకులు.

"పొద్దున, సాయంత్రం మారుస్తాండాం," అన్నాడు పోలీసు గర్వంగా.

గిడ్డమ్మ బిందెలోకి తొంగి చూసింది.

"పోనీలే అక్కా, దానికన్నా వచ్చినాయి నీళ్లు," అంది.