ఒకే వీపు, ఒకే బ్యాగు

పోయిన వేసవి చివర్లో నేను వేటకు తీసుకెళ్ళే వీపు బ్యాగు ఒకటి ఎన్నుకున్నాను. ఈ సంగతిని అమెరికాలోని మా మోంటానా రాష్ట్ర ప్రభుత్వం వారు గెజెట్‌లో ప్రకటించలేదు గానీ, మా కోల్డ్ ఫోర్క్ ఊళ్ళో తెలియని వాళ్ళు లేరు. ఎన్నుకోవడానికి నాకు పట్టిన కాలంలో మా పక్కింటివాళ్ళు పెళ్ళి చేసుకున్నారు, ఇల్లు కట్టుకున్నారు, విడాకులు కూడా తీసుకున్నారు.

నా వృత్తి కళ్ళజోళ్ళు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతుంటాను. జీవితమంతా ఊరివాళ్ళను అడిగిన ఆ ప్రశ్న చివరికి నన్ను నేనే అడుక్కోవలసి వచ్చింది. జవాబు చెప్పడానికి పాపం వాళ్ళు ఎందుకంత తడుముకుంటారో అప్పుడు తెలిసింది.

మా కొండల్లో ఎల్క్ దుప్పుల వేట రెండు రకాలు. పొద్దున వెళ్ళి సాయంత్రం ఉత్తచేతులతో ఇంటికొచ్చి భార్య చేత మాటపడేది ఒకటి. డేరా, పొయ్యి, తిండి మోసుకుపోయి కొండల్లోనే నాలుగు రోజులుండి, ఆ మాటలన్నీ తిరిగొచ్చాక ఒక్కసారే పడేది రెండోది. మొదటిదానికి చిన్న బ్యాగు చాలు, రెండోదానికి పెద్దది కావాలి. ఈ రెండింటికీ పనికొస్తూ, అదృష్టం బాగుండి దుప్పి పడితే దాని మాంసాన్ని వీపుకు ఆనే ఫ్రేముకీ సంచికీ మధ్య బిగించి మోసుకురావడానికి కూడా వీలయ్యే బ్యాగు ఒకే ఒక్కటి ఈ భూమ్మీద ఉందని పెద్దలు చెబుతారు. దాన్ని వెతకడమే పురుషార్థం.

"రెండు కొనుక్కోవచ్చుగా," అంది నా భార్య మార్లా, బంగాళాదుంపల తొక్క తీస్తూ. "చిన్నదొకటి, పెద్దదొకటి."

"అది ఓటమి ఒప్పుకోవడం."

"ఎవరి చేతిలో?"

ఆ ప్రశ్న ఇప్పటికీ పరిశీలనలో ఉంది.

ఇంటర్నెట్‌లో ఈ విషయానికే అంకితమైన సభ ఒకటుంది. అక్కడ ఎవరూ అసలు పేరు చెప్పరు. ఎవరూ ఏమీ వేటాడినట్టు కనబడరు. నడుం పట్టీ గురించి అడిగితే మాత్రం తిండీ నిద్రా మాని చెబుతారు. నేను మొదట విన్నాను, తర్వాత సందేహాలు అడిగాను, శీతాకాలం వచ్చేసరికి సలహాలు ఇవ్వసాగాను. అలాస్కాలో ఒకాయన నా మాట మీద బ్యాగు వెనక బ్యాగు మారుస్తూ, మార్చినప్పుడల్లా నాకు కృతజ్ఞతలు పంపేవాడు. అప్పటికి నేను బ్యాగూ కొనలేదు, నా జన్మలో ఒక్క ఎల్క్‌నూ కొట్టలేదు. ఈ రెండు విషయాలూ నా నిష్పాక్షికతకు నిదర్శనాలుగా గుర్తింపు పొందాయి.

ఎట్టకేలకు కొన్నాను. కొన్నాక వీపును దానికి అలవాటు చెయ్యాలి. అందుకని నీళ్ళలో సున్నం తీసే యంత్రంలో పోసే ఉప్పు బస్తాలు అందులో వేసుకుని ఊరంతా నడిచాను. కిరాణా కొట్టుకి దానితోనే వెళ్ళాను. చర్చికీ దానితోనే వెళ్ళాను. పాస్టరుగారు గుమ్మం దగ్గర చెయ్యి కలిపి, "మన సంఘంలో అందరూ ఏదో ఒక భారంతోనే వస్తారు కర్బీ. నువ్వు దానికి జిప్పు పెట్టించావు," అన్నారు. దాన్ని నేను మెచ్చుకోలుగానే స్వీకరించాను.

ఈ కృషిని గుర్తించి మా వేటగాళ్ళ క్లబ్బు నన్ను ఉపన్యాసానికి పిలిచింది. అధ్యక్షుడు ఆర్లో స్టెన్‌రూడ్ నన్ను "బ్యాగుల విషయంలో మన లోయకే వెలుగు" అని పరిచయం చేశాడు. నేను లేచి, గొంతు సవరించుకుని, "మిత్రులారా, దేవుడు మనిషికి వీపు ఒక్కటే ఇచ్చాడు. వీపు ఒకటైనప్పుడు బ్యాగులు రెండెందుకు?" అన్నాను. చప్పట్లు మోగాయి. ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండాలనీ, ప్రతి చోటుకూ ఒక బకిల్ ఉండాలనీ, ఏ బకిల్ తర్వాత ఏ బకిల్ పెట్టాలో, ఏది ముందు తీయాలో వివరించాను. వారం తిరక్కుండా సభ్యుల్లో చాలామంది అదే బ్యాగు తెప్పించుకున్నారు. వాళ్ళలో మా బావమరిది వెర్లిన్ కూడా ఉన్నాడు.

వెర్లిన్ గురించి కాస్త చెప్పాలి. మా పడమటి కొండల్లో కొమ్ముల పోతును కొట్టాలంటే ప్రభుత్వం వారు చీటీలు తీసి ఇచ్చే అనుమతి కావాలి. తలమీద జుట్టున్న రోజుల నుంచీ వెర్లిన్ ఏటా దానికి దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. జుట్టు పోయింది, చీటీ రాలేదు. ఆ ఏడు వచ్చింది. అదే నెలలో డాక్టరు అతని కుడి మోకాలు చూసి, చలికాలంలో చిప్ప మార్చాలనీ, ఆ తర్వాత కొండలు ఎక్కడమన్న మాట మర్చిపొమ్మనీ చెప్పాడు.

"ఇదే ఆఖరు బావా," అన్నాడు మా వంటింట్లో నిలబడి. "కొట్టడం నేను కొడతాను. మొయ్యడానికి నీ వీపు కావాలి."

"వీపూ ఉంది, బ్యాగూ ఉంది," అన్నాను. మార్లా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ తర్వాత తమ్ముడి మోకాలికి మాత్రం ఆయింట్‌మెంట్ ఇచ్చింది.

అక్టోబరు చివర్లో మంచు పడుతుండగా కొండెక్కాం. నా బ్యాగులో డేరా, పొయ్యి, పడక ఉన్నాయి. వాటితో పాటు బ్యాగుకు తొడిగే వానతొడుగు, బ్యాగు చిరిగితే కుట్టే సామాను, బ్యాగుకు విడి బకిళ్ళు, ఆ బకిళ్ళు పెట్టుకునే చిన్న సంచీ ఉన్నాయి. నా ఉపన్యాసంలో చెప్పినట్టే, చేతులకు శ్రమ లేకుండా తుపాకులు రెండూ బ్యాగుల పక్కన బిగించి ఉన్నాయి. మేం ఎంత సౌఖ్యంగా నడిచామంటే, ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా నిలబడి ఉన్న ఎల్క్ పోతును చూసి మాకు మొదట సంతోషం కూడా కలగలేదు.

మా ఇంటి వాకిట్లోంచి వీధిలోకి ఉన్నంత దూరంలో ఉంది. గడ్డి నములుతోంది. చెట్టంత కొమ్ములు.

"తుపాకీ," అన్నాడు వెర్లిన్ పెదవులు కదపకుండా.

"వెనక్కి తిరుగు, తీస్తాను."

అతను తిరిగాడు. నేను మొదటి బకిల్ నొక్కాను. ఊళ్ళో ఎన్నడూ అనిపించలేదు గానీ, మంచు పడ్డ అడవిలో ఆ టక్కుమన్న చప్పుడు చాలా స్పష్టంగా వినబడుతుంది. పోతు తలెత్తింది. రెండోది నొక్కాను. అది నమలడం ఆపింది. మూడోది గడ్డకట్టుకుపోయింది. పంటితో పట్టి లాగాను. ఎల్క్ కాసేపు మమ్మల్ని చూసింది. దాని చూపులో భయం లేదు. ఒక మగవాడు ఇంకో మగవాడి నడుం కొరుకుతుంటే పెద్దమనుషులు ఎలా చూపు తిప్పుకుంటారో అలా తిప్పుకుని, తొందరేమీ లేకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది.

వెర్లిన్ మంచులో అలాగే నిలబడి ఆ చెట్లవైపు చూశాడు. ఇన్నేళ్ళ దరఖాస్తులూ ఆ చెట్లలోకే వెళ్ళిపోయాయి. ఏదైనా తిడితే బాగుండునని నాకనిపించింది. సాయంత్రం డేరా దగ్గర నేను సూప్ కాచి, రొట్టెలో పెద్ద ముక్క అతనికే పెట్టాను. తిన్నాడు. బకిల్ గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆ మర్యాద నన్ను చంపేసింది.

తర్వాతి రోజుల్లో దుప్పులు కనబడలేదు, వాటి అడుగులు కనబడ్డాయి. వెర్లిన్ మోకాలు వాచింది. చివరి రోజు పొద్దున్నే అతను కుంటుకుంటూ వాగు వైపు ఒంటికి వెళ్ళాడు. ఎలుగుబంట్ల అడవి కాబట్టి తుపాకీ చేత్తో పట్టుకుని వెళ్ళాడు. బ్యాగు డేరా దగ్గరే ఉంది. నేను నా బ్యాగు పట్టీలు సరిచూసుకుంటుండగా ఒక్కసారి తుపాకీ పేలింది.

పరుగెత్తి వెళ్ళేసరికి వెర్లిన్ మంచులో కాలు చాచి కూర్చుని ఉన్నాడు. పక్కన పోతు పడి ఉంది. అతని చెయ్యి దాని మెడమీద ఉంది.

"నీళ్ళు తాగడానికొచ్చింది," అన్నాడు మెల్లిగా. "నేను ప్యాంటు కూడా సర్దుకోలేదు." కళ్ళు తుడుచుకుని, "ఇక పని నీది బావా," అన్నాడు.

ఇద్దరం కలిసి కోసి, మాంసాన్ని గుడ్డ సంచుల్లో వేశాం. అప్పుడు నేను బ్యాగు తెరిచాను. ఫ్రేముకీ సంచికీ మధ్య, దేనికోసమైతే ఏళ్ళ తరబడి వెతికానో ఆ చోటు శుభ్రంగా, కొత్తగా మెరుస్తోంది. నా చేతిలో తొడ మాంసం, గుడ్డలోంచి రక్తం చుక్కలు చుక్కలుగా కారుతోంది. నేను మాంసాన్ని పక్కన పెట్టి, నా వానకోటు విప్పి, ముందు దాన్ని అక్కడ పరిచాను. అది చాలదని చొక్కా కూడా విప్పాను.

వెర్లిన్ చూస్తూ కూర్చున్నాడు. "బావా, ఆ ఎల్క్ కూడా చచ్చేటప్పుడు ఇంత దిగులు పడలేదు," అన్నాడు.

"మరక పడితే పోదురా."

"నువ్వు చలికి పోతావు, మరక ఉంటుంది. కోటు తొడుక్కో."

తొడుక్కున్నాను. మిగిలిన మాంసాన్ని ఎలుగులకు అందకుండా కొమ్మకు వేలాడదీసి, మొదటి మోత ఎత్తుకుని బయల్దేరాను. వెర్లిన్ రెండు కర్రలు పట్టుకుని నా వెనకాల నడిచాడు. నిజం చెప్పాలంటే బ్యాగు అద్భుతంగా ఉంది. దాని కింద ఉన్న మనిషే తట్టుకోలేకపోయాడు. ఉప్పు బస్తా కదలదు, మాంసం జారుతుంది. రెండో వాలులోనే కాలు జారి వెల్లకిలా పడ్డాను. నడుం పట్టీ, ఛాతీ పట్టీ నేను బోధించినంత గట్టిగా బిగించి ఉన్నాయి. తిరగేసిన తాబేలులా కాళ్ళూ చేతులూ ఆకాశంలో ఆడించడం తప్ప నాకు వేరే మార్గం లేకపోయింది.

వెర్లిన్ వచ్చి పక్కన కూలబడ్డాడు. "ముందు ఏది తియ్యాలి?"

"ఛాతీది. కాదు, నడుముది. ఉపన్యాసంలో చెప్పానుగా."

"ఉపన్యాసంలో నిద్రపోయాను బావా."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే నాకు ఊపిరాడలేదు, అతనికి మోకాలు నొప్పెట్టింది, అయినా ఆగలేదు. చివరికి అతను జేబులోంచి చాకు తీసి నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఛాతీ పట్టీ తెగింది. విడి బకిళ్ళన్నీ డేరా దగ్గర చిన్న సంచీలో క్షేమంగా ఉన్నాయి.

వెర్లిన్‌ను బండి దగ్గర దింపి, మర్నాడంతా ఆ కొండ నేనొక్కణ్ణే ఎక్కి దిగాను. మాంసం పాడు కాలేదు. కొమ్ముల తలతో ఆఖరిసారి దిగేసరికి, కబురు తెలిసి మా క్లబ్బు వాళ్ళందరూ బళ్ళు ఆపే చోట గుమిగూడి ఉన్నారు. వెర్లిన్ బండి వెనక తలుపు కిందికి దించి, దాని మీద కాలు చాపి కూర్చున్నాడు. మోకాలు పుచ్చకాయంత అయింది. కొమ్ములు అతని పక్కన దింపాను. పెద్దమనుషులందరూ కొమ్ములను దాటి, మోకాలును దాటి, నా వీపు చుట్టూ చేరారు.

"నడుం పట్టీ నిలబడిందా?" అని ఒకరు. "ఛాతీ పట్టీ ఏమైంది?" అని ఇంకొకరు. ఆర్లో బ్యాగు మీది రక్తపు మరకను వేలితో తాకి, "ఇది నిజమైనదేనా?" అని గౌరవంగా అడిగాడు.

"నేను బ్యాగు డేరా దగ్గర వదిలేసి వెళ్ళినప్పుడే పోతు దొరికింది," అన్నాడు వెర్లిన్, ఎవరూ అడక్కపోయినా.

బ్యాగు మీద ఉన్న చేతులన్నీ కిందికి దిగాయి. నేను తల దించుకున్నాను. నా వెలుగు ఆరిపోయిందనుకున్నాను.

ఆర్లో గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. "అంటే, బ్యాగు ఎక్కడ వదిలిపెట్టాలన్నది చాలా ముఖ్యమన్నమాట," అన్నాడు. తలలన్నీ ఊగాయి. వచ్చే నెల క్లబ్బులో "బ్యాగును వదిలిపెట్టే పద్ధతులు" అనే అంశం మీద నేను మాట్లాడాలని అక్కడికక్కడే తీర్మానించారు. నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు అదే పరిశోధనలో ఉన్నాను.

వెర్లిన్‌కు ఆపరేషన్ బాగానే జరిగింది. ఈ మాట కూడా నేనే చెబుతున్నాను తప్ప మీరు అడగలేదు. ఇంతసేపూ మీ మనసులో నలుగుతున్న ప్రశ్న ఏమిటో నాకు తెలుసు: ఇంతా చెప్పాడు, ఆ బ్యాగు ఏ కంపెనీదో చెప్పలేదేం?